పాకం సీసా

సీసా పగలాల్సినట్టే పగిలింది. దాంతోపాటు హీరో నుదురు కూడా పగిలింది.

మానిటర్ ముందు కూర్చున్న డైరెక్టర్‌కి మొదట ఆ నెత్తురు భలే కుదిరిందనిపించింది. మేకప్ వాళ్ళని మెచ్చుకోవాలని కూడా అనుకున్నాడు. ఆ తర్వాతే గుర్తొచ్చింది, ఈ షాట్‌కి నెత్తురు కావాలని తను ఎవరికీ చెప్పలేదని.

హీరో కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. ఎడమ కన్ను మీద రెండు చేతులూ అదిమి పెట్టుకుని అరుస్తున్నాడు. అది డైలాగు కాదు. అతనికి ఎదురుగా తండ్రి వేషంలో ఉన్న పెద్ద నటుడు తన చేతిలో మిగిలిన సీసా మెడ వంక చూసుకుంటూ కొయ్యబారిపోయాడు.

"గాజు," అన్నాడాయన ఎవరితోనో. "ఇది నిజం గాజయ్యా."

అప్పుడు పరుగెత్తారందరూ. ఎవరో తువ్వాలు తెచ్చారు, ఎవరో లైట్లు ఆర్పేశారు, ఎవరో కారు తలుపు తీసి పట్టుకున్నారు. కేబుళ్ళ అవతల ఒక్క మనిషి మాత్రం కదలకుండా నిలబడిపోయాడు. తెల్లబడిన గుబురు మీసాలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, వేళ్ళకి ఎండిపోయిన పాకం చారలు. సెట్‌లో వాడే ప్రతి వస్తువునీ చూసుకునేది ఆయనే. అందరూ మేస్త్రి అంటారు. డైరెక్టర్ మాత్రం ఏమనీ పిలవడు. పిలవాల్సొస్తే నాన్నా అనాలి కాబట్టి.

*

పోలీసులు వచ్చేసరికి ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. నుదుటి మీద గాయం పెద్దదే కానీ ప్రాణానికి భయం లేదు. కంట్లోకి మాత్రం గాజు ముక్క దిగింది. చూపు దక్కుతుందో లేదో ఆపరేషన్ అయ్యాకే చెప్తారట.

"దక్కకపోతే?" అన్నాడు డైరెక్టర్.

"దక్కకపోతే మన సినిమాకీ చూపు పోయినట్టే," అన్నాడు మేనేజర్. మేకప్ గదిలో అటూ ఇటూ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడతను. "హీరో వాళ్ళ బావ అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎవడు చేశాడో చెప్పండి, లేకపోతే యూనిట్ మొత్తాన్ని లోపలేయిస్తానంటున్నాడు. సార్, మనకిప్పుడు కావాల్సింది ఒక్క పేరు."

"ప్రమాదం అని చెప్పొచ్చుగా?"

"ప్రమాదానికి కూడా ఒక పేరుండాలి సార్. పోలీసులు గాలిని అరెస్టు చేయరు."

ఆ మాట అంటూ మేనేజర్ అతని మొహంలోకి చూడలేదు. గోడకున్న అద్దంలోకి చూశాడు. ఏ పేరు చెప్పాలనుకుంటున్నాడో గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అందరూ అంటే మేనేజర్, డైరెక్టర్, తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డ అసోసియేట్ డైరెక్టర్ అమ్మాయీ.

ఆ అమ్మాయిని యూనిట్ మొత్తం పావురం అని పిలుస్తుంది. తండ్రీ కొడుకులకి మాటల్లేవు. షూటింగ్ మొదలైన రోజు నుంచీ ఒకరి మాట ఇంకొకరికి మోసేది ఆమే. "పసుపు గోడకి గడియారం వద్దని ఆయనకి చెప్పు" అని ఇక్కణ్ణుంచి వెళ్తుంది. "గడియారం లేకపోతే గోడ బోసిగా ఉంటుందని డైరెక్టర్ గారికి మనవి చేయమ్మా" అని అక్కణ్ణుంచి వస్తుంది. ఇద్దరి మధ్యా ఉన్న దూరం కేకేస్తే వినపడేంత. అయినా పావురం ఎగరాల్సిందే. ఒకసారి ఆమె విసుగెత్తి, "నాకు రోజువారీ బేటా డబుల్ ఇప్పించండి సార్, రెండు దేశాలకి పనిచేస్తున్నాను" అంది కూడా.

డైరెక్టర్‌కి ఇది మొదటి సినిమా. తండ్రి చేతిలో దెబ్బలు తింటూ పెరిగిన కొడుకు కథ. తనే రాసుకున్నాడు. నిర్మాత సంతకం పెడుతూ ఒకే ఒక్క షరతు పెట్టాడు: సెట్ సామానుకి మాత్రం ఆ మేస్త్రే కావాలి, ఆయన చేతిలో ఉంటే వస్తువు తప్పిపోదు. ఆ మేస్త్రి ఎవరో నిర్మాతకి తెలియదు. కొడుకు చెప్పలేదు. తండ్రీ చెప్పలేదు. కానీ ఒకే ముక్కు రెండు మొహాల మీద కనబడుతుంటే యూనిట్‌కి ఎన్నాళ్ళు దాగుతుంది?

"పొద్దున్న గొడవ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి ఇప్పటికే చెప్పేశారు సార్," అంది పావురం మెల్లగా.

"ఎవరు?"

"ఎవరని చెప్పను? అరవై మంది విన్నారు. ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు."

పొద్దున్న జరిగింది ఇదీ. రిహార్సల్‌లో మేస్త్రి హీరో దగ్గరికెళ్ళి, "బాబూ, దెబ్బ పడేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకో. కళ్ళు జాగ్రత్త" అన్నాడు. హీరోకి ఒళ్ళు మండింది. "యాక్టింగ్ నువ్వు నేర్పుతావా నాకు? పోయి నీ గిన్నెలు కడుక్కో!" అని అందరిముందూ అరిచాడు. ఈ ముసలాయన షాట్ టైములో తన చుట్టుపక్కల కనబడితే వెళ్ళిపోతానన్నాడు. డైరెక్టర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కేబుళ్ళు దాటి ఇవతలికి రావద్దని ఆయనకి చెప్పు" అన్నాడు పావురంతో. తండ్రి విని తలూపి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆ తలూపడం చూసి డైరెక్టర్‌కి కాస్త తృప్తిగా అనిపించింది.

*

ఇన్‌స్పెక్టర్ సెట్ మధ్యలో, భోజనాల బల్ల దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. గాజు ముక్కల చుట్టూ సుద్దముక్కతో గీత గీయించాడు. నిదానంగా మాట్లాడే మనిషి. అదే భయం.

"నాకు సినిమాలు చూడటమే తెలుసు," అన్నాడు. "కొంచెం అర్థమయ్యేట్టు చెప్పండి. తల మీద కొట్టే సీసా అసలు దేంతో చేస్తారు?"

"పంచదార పాకంతోనండి," అన్నాడు మేస్త్రి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "ముదురుపాకం పట్టి, రంగు కలిపి అచ్చులో పోస్తాం. ఆరాక చూస్తే అచ్చం గాజే. తగిలితే పేలాల్లా రాలిపోతుంది. దెబ్బ తెలీదు."

"మరి ఇక్కడికి నిజం సీసా ఎలా వచ్చింది?"

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్తాను సార్. భోజనాల తర్వాత ఒక క్లోజప్ తీశాం. తండ్రి చెయ్యి సీసా ఎత్తుతుంది, అడుగున మిగిలిన చివరి గుక్క కనబడాలి. పాకంతో చేసిన డమ్మీలో నీళ్ళు పోస్తే కరిగిపోతుంది. అందుకని సామాను పెట్టెలో నమూనాకి ఉంచిన నిజం సీసా తీసి, టీ డికాక్షన్ పోసి తీశాం. అప్పుడు మేస్త్రి... ఆయన లోపల పాకం కాస్తున్నారు."

"తీసిందెవరు పెట్టెలోంచి?"

"నేనే. టైం లేదు. ఎండ పోతోంది."

అతను అబద్ధం చెప్పడం లేదు. పొద్దున దూరం నుంచి తీసిన షాట్‌లో సీసా ఎలా కనబడిందో, ఈ సీసానీ అచ్చం అలాగే చేసి బల్ల మీద పెట్టాడు. రెండు షాట్‌ల మధ్య వెంట్రుకంత తేడా వచ్చినా థియేటర్‌లో ఈలలేస్తారు. ఆ మాత్రం చూసుకోనివాడు డైరెక్టరెలా అవుతాడు?

"క్లోజప్ అయ్యాక?"

"తండ్రి వేషం వేసిన పెద్దాయన ఆ గుక్క తాగేశారు. సీసా ఖాళీ. ఇంక దాన్ని తీసి డమ్మీ పెట్టాల్సింది..." డైరెక్టర్ ఆగాడు. "అది సామాను చూసేవాళ్ళ పని."

"అరలో పళ్ళేల వెనక ఒక డమ్మీ చెక్కుచెదరకుండా దొరికింది. అదేనా?"

"అదే. క్లోజప్ కోసం నేనే పక్కన పెట్టాను."

పెద్ద నటుడు ఒక మూల మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. "బరువనిపించింది నాకు. కానీ డమ్మీ బరువెంతో నాకేం తెలుసు బాబూ? రిహార్సల్ అంతా ఉత్త చేత్తోనే కదా చేయించారు!"

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని వదిలేసి మేస్త్రి వైపు తిరిగాడు. "షాట్‌కి ముందు మీరు ఓకే చెప్పారంట?"

"చెప్పానండి. ఈ అమ్మాయి అడిగింది. చూశాను. చెయ్యెత్తాను."

"ఎక్కణ్ణుంచి చూశారు?"

మేస్త్రి కేబుళ్ళ అవతలి చోటు చూపించాడు. మధ్యలో సగం హాలుంది.

ఇన్‌స్పెక్టర్ లేచి అక్కడికెళ్ళి నిలబడ్డాడు. కళ్ళు చికిలించి బల్ల వైపు చూశాడు. "ఇంత దూరం నుంచి ఏది గాజో ఏది పాకమో మీకెలా తెలుస్తుంది?"

"అలవాటండి."

"అలవాటా?"

"అలవాటే. ఇవాళ కళ్ళు మోసం చేశాయి. వయసైపోయింది. తప్పు నాదేనండి."

"పొద్దున్న ఆ కుర్రాణ్ణి కళ్ళు జాగ్రత్త అని బెదిరించారట?"

"బెదిరించలేదండి. చెప్పాను."

"కన్నే పోతోందిప్పుడు."

ఇన్‌స్పెక్టర్ గొంతు ఇంకాస్త మెత్తబడింది. "ఇంకోటి విన్నాను. ఈ కథలో తాగుబోతు తండ్రి మీరేనని అందరూ అనుకుంటున్నారు. రోజూ వచ్చి ఆ మాటలు వింటూ, కొడుకుని కొట్టే సీసా మీ చేత్తో మీరే చేసిచ్చారు. కోపం రాలేదా?"

"కోపమొస్తే పని మానేసేవాణ్ణి. పని చెడగొట్టను."

అప్పుడే లోపలి గది నుంచి మాడు వాసన వచ్చింది.

"పొయ్యి మీద పాకం ఉందండి," అన్నాడు మేస్త్రి. "ఆర్పేసి వస్తాను. ఆ తర్వాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు. ఒక కానిస్టేబుల్ వెంట నడిచాడు.

మేనేజర్ డైరెక్టర్ చెవిలో, "పీడా విరగడైంది సార్. ఆయనే ఒప్పుకున్నాడు. ఇంక నోరు విప్పకండి," అని గొణిగాడు.

అలవాటు. ఆ మాట డైరెక్టర్ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఆ మనిషిని అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంటి తలుపుకి తాళం వేస్తే మూడుసార్లు లాగి చూస్తాడు. గ్యాస్ కట్టేసి, మళ్ళీ వెనక్కొచ్చి చూస్తాడు. అలాంటివాడు సగం హాలు అవతల నిలబడి, ఉజ్జాయింపుగా చెయ్యెత్తుతాడా?

ఎత్తడు. ఆయనకేదో కనబడింది. కనబడితేనే ఎత్తాడు.

"సార్, ఎక్కడికి?" అంది పావురం.

అతను అప్పటికే నడుస్తున్నాడు.

*

సామాను గదిలో పొగ నిండిపోయింది. మేస్త్రి మాడిన గిన్నెని నీళ్ళ తొట్టిలో ముంచుతుంటే సుయ్యిమంది. కానిస్టేబుల్ దగ్గుకుంటూ వరండాలోకి తప్పుకున్నాడు.

బల్ల మీద ట్రేలో డమ్మీ సీసాలు వరసగా ఉన్నాయి, పొద్దున్నే లేబుళ్ళు అంటించినవి. డైరెక్టర్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఎండుటాకులా తేలిగ్గా ఉంది. లేబుల్ మీద ఎర్రని కోట బొమ్మ. ఎడమవైపు కింది మూల కొంచెం చిరిగి ఉంది.

రెండోది తీశాడు. ఎడమవైపు కింది మూల చిరిగి ఉంది.

మూడోది. నాలుగోది.

నేల మీద తెరిచి ఉన్న పెట్టెలో నమూనా సీసాలు, నిజం గాజువి. వాటి మీదా ఎర్రకోట లేబుళ్ళే. ఒక్కదానికీ మూల చిరగలేదు.

భోజనాల తర్వాత తను చేసిన పని కళ్ళ ముందు తిరిగింది. మానిటర్‌లో పొద్దున్నటి షాట్ చూశాడు. అందులో సీసా లేబుల్‌కి మూల లేదు. చేతిలో ఉన్న సీసాకి ఉంది. "కంటిన్యూటీ పోతుంది" అనుకున్నాడు. గోటితో మూల చింపాడు. అచ్చం అంతే. వెంట్రుకంత తేడా లేకుండా.

"డమ్మీకి గుర్తా ఇది?" అన్నాడు. ఎన్నేళ్ళ తర్వాతో తండ్రితో నేరుగా అన్న మొదటి మాట అది.

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "గుర్తే. దూరం నుంచి కూడా తెలియాలని."

"ఎవరికీ చెప్పలేదేం?"

"నలుగురికీ తెలిసిన గుర్తు గుర్తెలా అవుతుంది? అందరూ చింపుతారు. నీకు చెబుదామనే అనుకున్నాను. ఎలా చెప్పను? ఆ పిల్లతో కబురంపనా?"

"మీకు తెలుసు. నేను చింపానని మీకు తెలుసు."

మేస్త్రి చొక్కా జేబులోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. కందిగింజంత కాగితం ఉండ. నమిలి నమిలి బూడిదరంగుకి తిరిగింది. ఒకవైపు మాత్రం ఎర్రరంగు ఇంకా అంటుకునే ఉంది.

"నీ మానిటర్ అంచున అంటించి ఉంది. చిన్నప్పుడు పుస్తకాల మూలలన్నీ ఇలాగే తినేసేవాడివి. మీ టీచరు నన్ను పిలిచి, మీవాడు చదువుని నిజంగానే నమిలేస్తున్నాడండీ అంది." ఆయన పెదవి చివర నవ్వులాంటిదేదో మెదిలి పోయింది. "కారు ఆస్పత్రికి కదిలిందో లేదో, ఇది కనబడింది. తీసేశాను."

"ఎందుకు తీశారు?"

"చెత్త. సామాను చూసేవాణ్ణి. చెత్త తీయడం నా పని."

డైరెక్టర్ స్టూల్ మీద కూలబడ్డాడు. "పిచ్చా మీకు? జైల్లో వేస్తారు. కక్షతో చేశాడంటారు."

"వేస్తే వేస్తారు. నేను చేయాల్సిన సినిమాలు చేసేశాను. నీకిది మొదటిది." మేస్త్రి సీసాలని ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. ప్రతిదాన్నీ గుడ్డలో చుట్టి, మెడ పైకి ఉండేట్టు. "వెళ్ళు. ఆ మేనేజర్ చెప్పినట్టు నోరు మూసుకో. వాడు వెధవే కానీ ఈ మాట మాత్రం సరైంది."

"మీరు నన్ను కొట్టిన రోజు..." అన్నాడు డైరెక్టర్. ఎందుకన్నాడో తెలీదు. ఆ మాట ఇన్నేళ్ళూ గొంతులోనే ఉంది. "స్టూడియో గేటు దగ్గర, అందరి ముందూ. ఈ కథంతా అక్కడే పుట్టింది."

"తెలుసు. చెంప మీద కొట్టాను. నువ్వు సినిమాలో సీసా చేశావు. సరే, కథ నీది."

"ఎందుకు కొట్టారో ఆ రోజు చెప్పనేలేదు."

మేస్త్రి చేతులు ఆగాయి. "సెట్‌లో రేకు కత్తి తీసేసి, మెరుపు చాలట్లేదని ఉక్కు కత్తి పెట్టావు. ఇంకో నిమిషంలో షాట్. నేను చూడబట్టి సరిపోయింది." ఆయన గుడ్డ మడతపెట్టాడు. "కొట్టే బదులు చెప్పుండాల్సింది. చెబితే ఇవాళ ఆ సీసా ముట్టుకునేవాడివి కాదేమో. నా తప్పు లేదనుకోకు."

వరండాలోంచి కానిస్టేబుల్ పిలిచాడు. "ఇంక రండి పెద్దాయనా."

మేస్త్రి మడిచిన చొక్కా చేతులు విప్పి, గుండీలు పెట్టుకున్నాడు, పెళ్ళికి వెళ్ళేవాడిలా. కాగితం ఉండని నీళ్ళ తొట్టిలోకి విసిరేసి బయటికి నడిచాడు.

డైరెక్టర్ తొట్టిలోకి చూశాడు. మాడుపాకం కలిసిన నల్లటి నీళ్ళు. ఉండ మునిగిపోయింది. ఇంక ఈ లోకంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరు చచ్చినా చెప్పరు.

అంటే తనకి ఏ భయమూ లేదు. సినిమా ఆగదు. హీరోకి కన్ను దక్కితే నెల తర్వాత మళ్ళీ షూటింగ్. దక్కకపోతే ఇంకో హీరో. పోస్టర్ మీద తన పేరు. ఆయన పేరు మాత్రం ఏ పోస్టర్ మీదా ఎప్పుడూ లేదు. ఇకముందు స్టేషన్‌లో ఉంటుంది.

చేతిలో డమ్మీ సీసా ఇంకా ఉందని అప్పుడు చూసుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడో, అది చేతిలోనే నలిగి ముక్కలైంది. చేతి మీద ఒక్క గీత కూడా పడలేదు.

*

జీపు సెట్ తలుపు దగ్గరికి తెచ్చి పెట్టారు. లైట్ల వాళ్ళు, మేకప్ వాళ్ళు, కెమెరావాళ్ళు రెండు వైపులా నిలబడ్డారు. కొందరు తల వంచుకున్నారు. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మేనేజర్ హీరో బావతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "దొరికాడు సార్. మా సామాను చూసే ముసలాయనే. పాత కక్ష. అవును సార్, డైరెక్టర్ గారికి సంబంధమే లేదు."

డైరెక్టర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పావురం ఎదురొచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అలవాటు కొద్దీ అడిగింది, "సార్, మేస్త్రి గారికి ఏమని చెప్పమంటారు?"

"ఇంక నువ్వేం మోయక్కర్లేదమ్మా," అన్నాడతను. "నేనే మాట్లాడతాను."

అతని పంచదార అంటిన చేతిని ఇన్‌స్పెక్టర్ చూశాడు. ఆ తర్వాత మొహం చూశాడు. జీపు ఎక్కబోతున్న మేస్త్రి భుజం మీద చెయ్యేసి ఆపాడు.

"వద్దు," అన్నాడు మేస్త్రి కొడుకు వైపు చూసి, పళ్ళ మధ్య నుంచి. "లోపలికి పో. పోరా!"

ఆ 'రా' విని యూనిట్ మొత్తం ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ డైరెక్టర్ గారికి మనవి చేయమ్మా తప్ప ఆ నోట ఇంకో మాట వినలేదు వాళ్ళు.

"ఆయన కళ్ళు మోసం చేయలేదు సార్," అన్నాడు డైరెక్టర్. "సీసాకి గుర్తుంది. ఆయన గుర్తు చూసే చెయ్యెత్తారు. ఆ గుర్తుని ఒకరు నిజం సీసా మీద పెట్టారు. లేబుల్ మూల చింపి. ఆ గాజు ముక్కల్లో లేబుల్ ఉంటుంది, చూడండి. ట్రేలో ఉన్నవాటితో పోల్చి చూడండి."

"వాడికి మతిపోయిందండి," అన్నాడు మేస్త్రి. "భయంతో ఏదేదో..."

"మీరాగండి." ఇన్‌స్పెక్టర్ రెండడుగులు ముందుకొచ్చాడు. మేనేజర్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. అవతలి గొంతు ఇంకా అరుస్తూనే ఉంది, ఎవడు, ఎవడయ్యా వాడు అని.

"చింపిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డైరెక్టర్ తండ్రి వైపే చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"మా నాన్న కాదు," అన్నాడు. "నేను."